రిలీవర్ రాని డ్యూటీ

పర్సుడీహ్, టాటానగర్,
మంగళవారం సాయంత్రం.

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. జ్వరం తగ్గింది, ఆకలి వేస్తోంది, దుకాణానికి వెళ్తున్నాను. అక్కడ ఖరగ్‌పూర్‌లో అన్నయ్య, వదిన క్షేమమని తెలుసు. నీ క్షేమం సంగతే నీ ఉత్తరం చదివాక అనుమానంగా ఉంది. అందుకే ఫోన్ చెయ్యకుండా కూర్చుని రాస్తున్నాను. ఫోన్‌లో నీకు వినబడదు, వినబడేలా అరిస్తే మీ రైల్వే క్వార్టర్ల లైనంతా వింటుంది. ఇది నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు. వదిన చదివి పెడతానంటే కళ్ళజోడు దొరికిందని చెప్పు.

ముందు నీ చిన్న ప్రశ్నలకు జవాబులు. వంటింటి రేకు కారడం ఆగింది, ఇంటాయనే తారు పోయించాడు. నీ మునగచెట్టు బతికే ఉంది. కాయలు మాత్రం పక్కవాళ్ళ వైపే కాస్తోంది, నువ్వు వెళ్ళిపోయావని దానికి నా మీద కోపం. నువ్వడిగిన ఎండు నెత్తళ్ళు అగ్రికో మార్కెట్‌లో దొరికాయి. రైల్లో పక్క సీటువాళ్ళు ముక్కు మూసుకున్నా సరే, తెస్తాను. సాక్చి దుకాణంలో నన్ను బిల్లింగ్ నుంచి మళ్ళీ చీరల కౌంటర్‌కి మార్చారు. రోజంతా చీరలు మడత పెట్టడం, ఎవరో వచ్చి విప్పించడం, మళ్ళీ మడత పెట్టడం. చేతులకు నొప్పులు లేవు, విసుగు మాత్రం చాలా ఉంది.

ఇక "ఆ ఫోనులో పొద్దస్తమానం ఏటి సేత్తన్నావే? నీకు గేముల పిచ్చి అట్టుకుందని అన్నయ్య సెప్పాడు" అని రాశావు. అన్నయ్యకు క్రికెట్ పిచ్చి లేదా? ఎవరో కొట్టిన బంతికి తను సోఫా మీద ఎగరడం పిచ్చి కాదట, నేను నా చేతులతో ఇల్లు కట్టుకుంటే పిచ్చట. ఆ గేమ్ సంగతి ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. ఇప్పుడు వివరంగా చెబుతాను. ఎందుకంటే నీ ఉత్తరం చివర్లో, వణుకుతున్న అక్షరాలతో ఇంకో ప్రశ్న అడిగావు. గేమ్ గురించి తెలియకపోతే దానికి నేనిచ్చే జవాబు నీకు అర్థం కాదు.

అదొక లోకమమ్మా. అంతా చదరపు దిమ్మలతో చేసినది. చెట్టూ దిమ్మలే, ఆవూ దిమ్మలే, పైన సూర్యుడు కూడా చదరమే. అందులో ఎవరినీ కాల్చనక్కర్లేదు, ఎవరి మీదా గెలవనక్కర్లేదు. మన్ను తవ్వి, రాయి కొట్టి, గోధుమలు చల్లి, ఇల్లు కట్టుకోవడమే. ఈ వయసులో ఇదేం ఆటని నువ్వూ అనుకుంటావు. కానీ దుకాణంలో నేను చేసిన పని ఒక్కటైనా సాయంత్రం దాకా నిలుస్తుందా? గేమ్‌లో కట్టిన గోడ మర్నాడు వెళ్ళినా అక్కడే ఉంటుంది. ఆ గోడను చూడటానికే ఒక్కోసారి తెరుస్తాను. ఏమీ చెయ్యను. మెట్టు మీద నిలబడి వాన చూస్తాను. ఆ వాన గేమ్‌లో పడుతోందో, మన రేకుల మీద పడుతోందో కాసేపు తెలియదు. నాకు నచ్చేది అదే.

నాకు నేర్పింది తమ్ముడు అమరే. మొదటి రోజు నడవడం కూడా రాక ఏట్లో పడ్డాను. "అప్పా, కిందకి కాదే, ముందుకి సూడు. గచ్చు తుడుత్తన్నావేటి?" అని పడీ పడీ నవ్వాడు. ఆ లోకం మా ముగ్గురిది. అమర్, నేను, నెల్సన్. నెల్సన్ నీకు తెలిసిన నెల్సనే, టీచరమ్మ సువర్ణకుమారి గారి అబ్బాయి. అమర్‌తోపాటు ఉక్కు ఫ్యాక్టరీలో అదే కొలిమి దగ్గర పనిచేసేవాడు, ఆదివారం చర్చి అవగానే నీ చేపల పులుసుకు వచ్చి వాలేవాడు.

మన వాడు డ్యూటీలో కొలిమి ముందు మాడి ఇంటికొచ్చి, గేమ్‌లో గుట్ట మీద మళ్ళీ కొలిములే కట్టాడు. వరసగా, పెద్ద షెడ్డుతో సహా. "ఇదేం సరదారా?" అంటే "ఇక్కడ ఫోర్‌మెన్ లేడప్పా" అన్నాడు. అక్కడ నిలబడే తన బొమ్మకు పసుపు టోపీ పెట్టుకున్నాడు, హెల్మెట్ అని. గుట్ట కింద నా గోధుమ చేను, నా ఇల్లు. వాడి షిఫ్టూ నా దుకాణమూ కలిసేవి కావు కనుక ఒకరు వెళ్ళాక ఒకరం ఆడేవాళ్ళం. నేను వెళ్ళేటప్పుడు రొట్టె చేసి గుమ్మం పక్కన పెట్టెలో పెట్టేదాన్ని. నువ్వు వాడి కంచానికి మూత పెట్టి, వాడు వచ్చేదాకా గుమ్మం లైటు ఆర్పనిచ్చేదానివి కాదు చూడు, అలాగే.

ఆ గేమ్‌కి ఒక పద్ధతి ఉంది. మా ముగ్గురిలో ఒకరైనా లోపల ఉంటేనే ఆ లోకం నడుస్తుంది. ఎవరూ లేకపోతే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. పొద్దు పోదు, పంట పెరగదు, నిప్పు తగ్గదు. ఏడాది తరవాత వెళ్ళినా, వదిలినప్పటి మబ్బు అక్కడే ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకో.

అమర్ పోయాక నేను దాన్ని ముట్టుకోలేదు. చలికాలంలో, నువ్వు అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయిన వారానికి, ఇల్లు బోసిగా ఉండి తెరిచాను. నేను కిందటిసారి వదిలినప్పుడు గోధుమలు అప్పుడే మొలకెత్తాయి, నాకు బాగా గుర్తు. తెరిచేసరికి చేనంతా పండి ఉంది.

మరిచిపోయి ఉంటానులే అనుకున్నాను. కోసి, మళ్ళీ చల్లి, బయటికొచ్చేశాను. మర్నాడు సాయంత్రం దుకాణం నుంచి వచ్చి చూస్తే మళ్ళీ పండి ఉంది. గుట్ట మీద నుంచి పొగ వస్తోంది. పైకి వెళ్ళాను. కొలిములన్నీ మండుతున్నాయి, ప్రతిదాంట్లో బొగ్గు నిండుగా ఉంది. అక్కడ ఎవరూ లేరు. అమర్ ఫోను చూడటానికి నీ ట్రంకు పెట్టె తీశాను. వాడి చొక్కాల మధ్య, నువ్వు పెట్టిన చోటే, చార్జింగ్ లేకుండా చల్లగా పడి ఉంది.

నెల్సన్ ఆడుతున్నాడనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. కానీ వారాలు గడిచేకొద్దీ ఒక విషయం కనబడింది. ఒక వారమంతా పొద్దున్నే చూసేసరికి చేను పండి ఉండేది. తరవాతి వారం సాయంత్రానికి పండేది. నీకు నేను చెప్పాలా, క్యాలెండర్ మీద ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అని గీతలు గీయించి వంట చేసిన దానివి. వాడి పాత షిఫ్టు వారాలు ఎలా మారేవో అలాగే మారుతోంది. వాడి వీక్లీ ఆఫ్ రోజున మొలక మొలకగానే ఉండేది.

నాకు భయం వేసింది. సంతోషం కూడా వేసిందమ్మా, నీ దగ్గర దాపరికం ఎందుకు. దుకాణంలో చీర మడత పెడుతూ, ఇప్పుడు మన వాడు డ్యూటీ ఎక్కి ఉంటాడు అనుకునేదాన్ని. ఫ్యాక్టరీ సైరన్ మోగితే, దిగి ఉంటాడు అనుకునేదాన్ని. పొద్దున్నే వాడు తాగి వదిలేసిన టీ గ్లాసు కడిగినంత తృప్తిగా ఆ గోధుమలు కోసేదాన్ని. సంవత్సరీకం సంగతి నువ్వు ఎత్తినప్పుడల్లా సెలవు దొరకలేదనీ, జ్వరమనీ వంకలు చెప్పింది అందుకే. కర్మ జరిగితే వాడు డ్యూటీకి రావడం మానేస్తాడని.

చివరికి ఉండబట్టలేక నెల్సన్‌కి కబురు పెట్టాను. మధ్యాహ్నం భోజనం వేళ సాక్చిలో మా దుకాణం పక్క టీ బండి దగ్గరికి వచ్చాడు. చిక్కిపోయాడు. "గేమ్ ఆడుతున్నావా?" అని అడిగానో లేదో గ్లాసు కింద పెట్టేశాడు.

"దీదీ, కసమ్ సే, ఒట్టు, నాను కాదు. ఆ గేమ్ నాను ఎప్పుడో డిలీట్ సేసేసినాను" అన్నాడు. "డిలీట్ సెయ్యక ముందు, అమర్ భాయ్ ఆడుతున్నాడని నా ఫోనుకి మెసేజ్‌లు వత్తనే ఉండీవి. డ్యూటీ టైముకి కరెక్ట్‌గా. మీరే భాయ్ పేరు మీద ఆడతన్నారనుకున్నాను. అడగనానికి ధైర్యం సాల్లేదు."

అంటే ఆడుతున్నది మా ఇద్దరిలో ఎవరమూ కాదు. పక్కన ఆటోవాళ్ళు టాటానగర్ స్టేషన్, స్టేషన్ అని అరుస్తున్నారు.

"దీదీ, ఆ రోజు భాయ్‌ని రిలీవ్ సెయ్యాల్సింది నానే కదా" అన్నాడు నెల్సన్. "నాను ఎల్లనేదు. భాయ్‌ని ఎవులూ రిలీవ్ సెయ్యనేదు. ఇంకా అక్కడే నిలబడున్నాడు."

నెల్సన్ తప్పేమీ లేదని నీకూ తెలుసు. ఆ రోజు ఖర్కాయి నది పొంగి వాళ్ళింట్లో మోకాలి లోతు నీళ్ళు. తల్లిని మేడ ఎక్కిస్తాడా, డ్యూటీకి వస్తాడా? రిలీవర్ రాలేదని అమర్ తరవాతి షిఫ్టుకీ ఉండిపోయాడు. గుండె పట్టుకుని స్టూలు మీద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. నాన్న కూడా అంతే కదమ్మా, రిలీవర్ వచ్చి ఎదురుగా నిలబడి "చార్జ్ నాది, నువ్వు వెళ్ళు" అననిదే కొలిమి దగ్గర నుంచి కదిలేవాడు కాదు. రాని రిలీవర్లను తిట్టుకుంటూ నువ్వు ఎన్ని కంచాలు మూత పెట్టుకుని కూర్చున్నావో. మన ఇంటి మగవాళ్ళకు ఆ నియమం ఎముకల్లో ఉంది.

ఆదివారం చర్చి అయ్యాక నెల్సన్ ఇంటికొచ్చాడు. గేమ్ మళ్ళీ పెట్టించాను. వాడు తన ఫోనులో, నేను నా ఫోనులో, ఇద్దరం కలిసి గుట్ట ఎక్కాం. షెడ్డు ఖాళీగా ఉంది, కొలిములు మండుతున్నాయి. నెల్సన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వాడి బొమ్మ కొలిమి ముందు నిలబడింది. ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకుని, గేమ్‌లో టైపు చెయ్యకుండా, మన వంటింటి వైపు చూస్తూ నోటితోనే చెప్పాడు.

"అమర్ భాయ్, నెల్సన్ వచ్చినాడు. లేటైంది, మాఫ్ కరో. చార్జ్ నాది. తుమ్ ఘర్ జావో."

కాసేపు ఏమీ కాలేదు. తరవాత చివరి కొలిమి ఆరిపోయింది. దాని పక్కది ఆరింది. ఒక్కొక్కటిగా, ఎవరో నడుచుకుంటూ వస్తూ ఆర్పుతున్నట్టు మా దాకా వచ్చి ఆగింది. షెడ్డు చీకటైంది. నెల్సన్ వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను గుట్ట దిగి నా ఇంటి గుమ్మం దగ్గర పెట్టె తెరిచాను. రొట్టె పక్కన పసుపు టోపీ ఉంది. డ్యూటీ దిగి హెల్మెట్ మేకుకు తగిలించినట్టు, మన వాడు తీసి అక్కడ పెట్టాడు.

అంతటితో అయిపోవాలి. అయిపోయేదే.

వాడు ఇంట్లోంచి బయటికి వెళ్తూ ఎప్పుడూ "ఎల్లొత్తాను" అనేవాడు కదా. మనం "ఎల్లిరా" అనేవాళ్ళం. ఉత్త "ఎల్లు" అని ఎవరినైనా అంటే నువ్వు నోటి మీద కొట్టేదానివి. ఆ టోపీ చూస్తూ నేను పైకి, గట్టిగా, "ఎల్లిరా తమ్ముడూ" అన్నాను.

నెల్సన్ తెల్లబోయి చూశాడు. నోటి అలవాటు, జారిపోయింది అన్నాను. పోనీలే దీదీ అన్నాడు.

నీకు అబద్ధం చెప్పలేను. నోరు జారలేదమ్మా. తెలిసే అన్నాను. కొలిములు ఒక్కొక్కటీ ఆరుతూ వస్తుంటే, ఇంక రేపటి నుంచి చేను పండదు, సైరన్ మోగితే తలుచుకోవడానికి ఎవరూ ఉండరు అనిపించింది. రిలీవ్ చేసి పంపిస్తున్న మనిషిని చేతులారా వెనక్కి పిలిచాను.

మర్నాడు టోపీ పెట్టెలో లేదు. చేను మళ్ళీ పండింది. కొలిములు మాత్రం చల్లగా ఉన్నాయి, బొగ్గు ఎవరూ వెయ్యడం లేదు. షిఫ్టు వేళలు కూడా లేవు. నా ఇంటి తలుపు తెరిచి ఉంటోంది, పెట్టెలో రొట్టె ఉండటం లేదు. ఎంత పెట్టినా ఉండటం లేదు. పని లేదు, పోయే చోటు లేదు, ఆకలితో తిరుగుతున్నాడు. ఆటలో రొట్టె తింటే కడుపు నిండుతుందా?

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. చివర్లో నువ్వు రాసింది ఎన్నిసార్లు చదివానో. "సందేల గుమ్మం కాడ అమర్ గొంతు ఇనబడతందే. అమ్మా, బువ్వెట్టు అంతన్నాడు. ఒక్కపాలే అంతాడు. మూడోపాలి పిలిత్తే తలుపు తీద్దారని కూకుంటే మరి పిలవడు. ఫోను మోగినా ఇనబడని దాన్ని, నాకిది ఎలాగినబడతంది? మీ వదిన రాంచీ పిచ్చాసుపత్రికి తీసుకెల్లాలంతంది. నాకు మతి పోనాదేటే రోహిణీ?"

ఎప్పటి నుంచి అని చూస్తే, ఆ ఆదివారం మర్నాటి నుంచే.

నీకు మతి పోలేదమ్మా. నువ్వు విన్నది నిజం. వాడిని నీ గుమ్మానికి పంపింది నేనే. డ్యూటీ దిగమన్నాం, ఇంటికెళ్ళమన్నాం. వాడికి ఇల్లంటే నువ్వున్న చోటే కదా. గాలి మనుషులు మూడోసారి పిలవరని నువ్వే చిన్నప్పుడు మాకు చెప్పావు. వాడు పిలవలేడు, నువ్వు తియ్యవు, నా ఒక్క మాట వల్ల వాడలా గుమ్మంలో నిలబడిపోయాడు. వదినావాళ్ళు నిన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారు. నా తమ్ముడు నా కళ్ళ ముందు ఉండాలన్న ఆశకు మీ ఇద్దరినీ ఏడిపిస్తున్నాను. వదిన మళ్ళీ రాంచీ అంటే, నాకూ ఒక టికెట్ తీయించమను.

ఇక వంకలు చెప్పను. శనివారం ఇస్పాత్ రైలు ఎక్కుతున్నాను. నెల్సన్ కూడా వస్తానన్నాడు, నీ కాళ్ళ మీద పడతాడు, కోప్పడకు. ఆదివారం సంవత్సరీకం పెట్టించమని అన్నయ్యకు చెప్పు. గేమ్ గురించి వాళ్ళకేమీ చెప్పకు, అన్నయ్యకు అది పిచ్చిగానే ఉండనీ.

అప్పటిదాకా వాడు పిలిస్తే తలుపు తియ్యకు. ఒక్కదానివి తియ్యకు. తీస్తే నువ్వు కూడా వాడిని కూర్చోబెట్టుకుంటావు, నాకు తెలుసు. "అప్ప వత్తంది, ఉండు నాయనా" అని లోపలి నుంచి చెప్పు చాలు, వింటాడు.

ఆదివారం సాయంత్రం మనిద్దరం గుమ్మంలో కూర్చుందాం. మూడో పిలుపు కోసం చూడొద్దు, మొదటి పిలుపుకే తీద్దాం. నెత్తళ్ళు ఎవరి కోసం అడిగావో నువ్వు రాయకపోయినా నాకు అర్థమైంది. పులుసు నువ్వే పెట్టు, నా చేతి వంట వాడికి నచ్చదు. విస్తరి నిండా వడ్డిద్దాం. మూత పెట్టొద్దు, వేడిగా ఉన్నప్పుడే తిననీ. తిని, చెయ్యి కడుక్కుని, వాడు అలవాటు ప్రకారం గుమ్మం దగ్గర ఆగి "ఎల్లొత్తానే అమ్మా" అంటాడు. నీకు వినబడుతుంది, నాకు వినబడకపోవచ్చు. వినబడగానే నా చెయ్యి పట్టుకో.

అప్పుడు ఎల్లిరా అనకమ్మా. నీకు నోరు రాదని తెలుసు, నాకూ రాలేదు. ఇద్దరం కలిసి అందాం. "ఎల్లు నాయనా." అంతే. ఇంకే మాటా వద్దు. నా నోరు మళ్ళీ వేరేగా తిరిగితే నా చేతిని గట్టిగా నొక్కు.

వాడు మీ లైను మలుపు తిరిగేదాకా కూర్చుని, గుమ్మం లైటు నేనే ఆర్పుతాను.

ఇట్లు,
నీ కూతురు, వాడి అప్ప,
రోహిణి